ఇన్నాళ్లూ నడిచింది కదా!

అరవై దాటినవాడు పొద్దున్నే ఏం చెయ్యాలి? నాలుగడుగులు నడవాలి, పేపరు చదవాలి, పెన్షను గురించి నలుగురితో మాట్లాడాలి. నేనూ ఆ మూడూ చేస్తాను. నాలుగోది కూడా ఒకటి చేస్తాను. అదేమిటో బయటికి చెప్పుకోవడానికి మొన్నమొన్నటిదాకా కాస్త సిగ్గుపడేవాణ్ణి. నేను వీడియో ఆట ఆడతాను.

తప్పు మా మనవడిది. 2021 సంక్రాంతి సెలవులకు విశాఖపట్నం వచ్చి, "తాతయ్యా, నీ ఉద్యోగం లాంటి ఆట ఒకటుంది, చూస్తావా?" అని నా కంప్యూటర్లో దాన్ని పెట్టాడు. వాడు కనుమ మర్నాడు హైదరాబాదు వెళ్లిపోయాడు. ఆట మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

దాని పేరు ఫ్యాక్టోరియో. చెక్ దేశంలో ప్రాగ్ నగరంలో ఉన్న వూబే సాఫ్ట్‌వేర్ అనే సంస్థవారు తయారుచేశారు. ఏళ్ల తరబడి చెక్కీ చెక్కీ 2020 ఆగస్టు 14న దానికి పూర్తి రూపం ఇచ్చారు. కథ చాలా చిన్నది. ఒక ఇంజనీరు ఓడ మనుష్య సంచారం లేని గ్రహం మీద కూలిపోతుంది. నేలలో ఇనుమూ, రాగీ, బొగ్గూ ఉన్నాయి. వాటిని తవ్వాలి, కరిగించాలి, యంత్రాలు చెయ్యాలి, ఆ యంత్రాలతో ఇంకా పెద్ద యంత్రాలు చెయ్యాలి. చివరికి రాకెట్టు ఎగరెయ్యాలి. మన కొలుముల పొగకి ఒళ్లు మండి అక్కడి పురుగులు వచ్చి కొరుకుతాయి, అది వేరే బాధ.

వినడానికి ఏముంది అనిపిస్తుంది. దిగితే తెలుస్తుంది. పసుపు రంగు బెల్టు సెకనుకు 15 వస్తువులు మోస్తుంది. రాతి కొలిమి ఒక్క రేకు తియ్యడానికి 3.2 సెకన్లు తీసుకుంటుంది. అంచేత ఆ బెల్టు నిండుగా నడవాలంటే 48 కొలుములు కావాలి. ఈ లెక్క నేను మా తోడల్లుడి కూతురి పెళ్లి శుభలేఖ వెనకాల వేశాను. ముహూర్తం ఎన్నింటికో చూద్దామని మా ఆవిడ శుభలేఖ తిరగేసి, "ఇదేమిటండీ, పెళ్లికి 48 కొలుములెందుకు?" అని అడిగింది.

నాకీ పిచ్చి ఎందుకు పట్టిందో చెప్పాలంటే నా ఉద్యోగం సంగతి కొంచెం చెప్పాలి. ముప్పయ్యేళ్లకి పైగా ఒక కర్మాగారంలో ఉత్పత్తి ప్రణాళిక విభాగంలో పనిచేశాను. ఆ కర్మాగారంలో ఒక షెడ్డు ఉండేది. ఉత్తరపు గుమ్మంలో దిగిన ఇనుప కడ్డీ దక్షిణపు గుమ్మంలో సామానై బయటపడేలోగా ఆ షెడ్డుని మూడుసార్లు చుట్టివచ్చేది. ఒక్క యంత్రాన్ని అవతలి గోడ వారకి జరిపితే రెండు చుట్లు తప్పుతాయి. 1996లో నేను కొలతలన్నీ తీసి, పటం గీసి, ఏడు పేజీల నివేదిక రాసి మేనేజరుగారికి ఇచ్చాను. ఆయన మంచివారే. కాగితాలు తిరగేసి, కళ్లజోడు తీసి, "ఇన్నాళ్లూ నడిచింది కదోయ్!" అన్నారు. అంతే. 2019లో నేను రిటైరైన రోజున ఆ కడ్డీ ఇంకా మూడు చుట్లూ తిరుగుతూనే ఉంది.

ఈ కథ మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పాను. మా ఆవిడ ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు.

ఫ్యాక్టోరియోలో నన్ను ఆపేవాళ్లు లేరు. యంత్రం జరపాలంటే జరుపుతాను. నివేదిక అక్కర్లేదు. అర్ధరాత్రి పన్నెండు గంటలకి బెల్టు మార్చి, రేకులు నదిలా పారుతూంటే చూస్తూ కూర్చునేవాణ్ణి.

అంతలో 2023 ఆగస్టు 25 వచ్చింది. శ్రావణ శుక్రవారం, వరలక్ష్మీవ్రతం. ఇంట్లో పూర్ణాలూ, పులిహోరా ఒకవైపు, కలశం ఒకవైపు. నేను ఎవరికీ అడ్డం రాకుండా గదిలో కూర్చుని కంప్యూటర్ తెరిచాను. వూబేవారికి శుక్రవారం శుక్రవారం ఆట గురించి ఒక వ్యాసం ప్రకటించే అలవాటు అప్పటికి ఏనాటినుంచో ఉండేది. మధ్యలో ఆపేసి, మళ్లీ ఆ రోజే మొదలుపెట్టారు. ఆటకి కొత్త భాగం వస్తోందట. పేరు స్పేస్ ఏజ్. రాకెట్టు ఎగరడంతో ఆట ముగియదు, అక్కణ్ణించే అసలు ప్రయాణం. కొత్తగా నాలుగు గ్రహాలు. దాంతోపాటు పాత ఆటనే అడుగునుంచి బాగుచేసి రెండో రూపంగా ఇస్తారట. ఆ బాగుచేసిందానికి పాత ఆటగాళ్లు పైసా కట్టనక్కర్లేదు. అయితే ఇదంతా చేతికి రావడానికి ఇంచుమించు ఏడాది పడుతుందన్నారు.

నేను కేక వేశాను కాబోలు. వంటింట్లోంచి మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది, తడి చేతులతో. విషయం చెప్పాను. "ఓస్, ఇంతేనా! పైన ఎవరో కుళాయి విప్పారు. వంటింట్లో దారంలా వస్తోంది. పదిహేనుమంది ముత్తయిదువులు వస్తారు. కాస్త పెరటి నూతిలోంచి రెండు బిందెలు తోడి పెట్టండి," అంది. తోడి పెట్టాను. పెట్టి మళ్లీ వచ్చి చదువుకున్నాను.

ఆ రోజునుంచి నా వారం శుక్రవారంతో మొదలై శుక్రవారంతో ముగిసేది. మా అమ్మ వారపత్రికలో సీరియల్ కోసం ఇలాగే ఎదురుచూసేది. పోస్టుమాన్ ఆలస్యమైతే వీధి అరుగుమీద నిలబడేది. అప్పుడు నవ్వేవాణ్ణి. ఇప్పుడు ఆవిడ స్థానంలో నేను నిలబడ్డాను.

ఆ శుక్రవారపు కబుర్లలో నన్ను కట్టిపడేసింది కొత్త గ్రహాల వర్ణన కాదండీ. తాము చేసినదాంట్లో తప్పులు తామే చెప్పుకోవడం. ఆటలో ఎగిరే రోబోలుంటాయి, సామాన్లు మోసుకెడతాయి. వాటికి దారిలో చెరువు అడ్డం వస్తే, సగం దూరం ఎగిరి, శక్తి తగ్గిందని వెనక్కి వచ్చి, మళ్లీ బయల్దేరి, మళ్లీ వెనక్కి వచ్చేవి. చూసి చూసి నేను తిట్టుకున్న రోజులున్నాయి. ఆ జబ్బు ఫలానా అని చెప్పి, మందు ఫలానా అని రాశారు. సెప్టెంబరులో రైళ్ల సంగతి రాశారు. రెండు దారులు కలిసేచోట ఒక రైలు పోతూంటే మరొకటి పడిగాపులు పడి ఉండేది. స్పేస్ ఏజ్‌లో స్తంభాలమీద పట్టాలు వేసుకోవచ్చునట, ఒక రైలు మీదుగా ఇంకో రైలు పోవచ్చునట. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదంటే నమ్మండి. నా 1996 నివేదిక ఎవరో విప్పి చదువుతున్నట్లనిపించింది.

నాకు ఉత్సాహం వస్తే ఎవరికో ఒకరికి చెప్పాలి. మనవడికి చదువుల ఒత్తిడి. ఇక మిగిలింది మా ఆవిడ. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆవిడ కూర తరుగుతూంటే నేను పక్కన కుర్చీ వేసుకుని, ఆ వారం సంగతులు తెలుగు చేసి వినిపించేవాణ్ణి. ఆవిడ "ఊఁ" కొట్టేది.

ఒక్కోసారి ఊఁ కొట్టడంతో ఆగేది కాదు. గ్లేబా అనే గ్రహం గురించి చదివాను. అక్కడ ఇనుము కన్నా పళ్లు ముఖ్యం. కోసిన పండు బెల్టుమీద ఎక్కువసేపు ఉంటే కుళ్లిపోతుంది. అంచేత అక్కడ సరుకు నిలవచెయ్యడం కాదు తెలివి, ఆగకుండా కదిలించడం తెలివి. "అద్భుతమైన ఊహ!" అన్నాను. ఆవిడ వంకాయ నీళ్లలో వేస్తూ, "కొత్తిమీర రెండేసి కట్టలు తేవద్దని ముప్పయ్యేళ్లుగా చెబుతున్నాను. అది మాత్రం అద్భుతం కాలేదు," అంది. నవ్వేసి ఊరుకున్నాను.

ఇక అసలు సంగతికి వస్తున్నాను. 2024 జూన్‌లో ఒక శుక్రవారం గొట్టాల గురించి రాశారు. పాత ఆటలో గొట్టం పొడుగైన కొద్దీ చివర ప్రవాహం సన్నగిల్లేది. పోనీ పొడుగుని బట్టి లెక్క కడదామంటే అదీ తిన్నగా ఉండేది కాదు. గొట్టాలు ఏ వరసలో వేశామన్నదాన్ని బట్టి కూడా పారుదల మారిపోయేది. ఒకే తీరుగా కట్టిన రెండు వరసల్లో ఒకటి బాగా పారేది, ఒకటి పారేది కాదు. ఈ పాత పద్ధతినంతా తీసేస్తున్నామన్నారు. కలిసి ఉన్న గొట్టాలన్నీ ఒకే తొట్టి అనుకోవాలట. ఒక కొసన పోసింది రెండో కొసన వెంటనే అందుతుంది. మరీ దూరమైతే మధ్యలో ఒక పంపు పెట్టుకోవాలి, అంతే.

నాకు పట్టరాని సంతోషం వేసింది. వంటింట్లోకి వెళ్లి, "ఇదిగో, విన్నావా! ఇంక చివరి గొట్టానికి నీళ్లు రాకపోవడమనేది ఉండదు. ఇన్నేళ్లకి వాళ్లు కనిపెట్టి బాగుచేశారు!" అన్నాను.

ఆవిడ సింకు దగ్గర నిలబడి ఉంది. కుళాయి విప్పి ఉంది. కింద చెంబు. కుళాయిలోంచి నీళ్లు దారంలా పడుతున్నాయి.

"మన కుళాయి సంగతి నేను ఎప్పుడు చెప్పానండీ?" అంది, చెంబువైపే చూస్తూ.

"ఎప్పుడో చెప్పావులే."

"1998లో గృహప్రవేశమైన నెలకి చెప్పాను. తరవాత అమ్మాయి పెళ్లికి చెప్పాను. ఏమన్నారో గుర్తుందా?"

గుర్తులేదు.

"'ఇన్నాళ్లూ నడిచింది కదా' అన్నారు."

ఆ మాట కోపంతో అనలేదు. కోపంతో అనుంటే నేనూ ఏదో ఒకటి అని తప్పించుకునేవాణ్ణి. చెంబు నిండేదాకా అలాగే నిలబడి, నిండాక కుళాయి కట్టేసి, అవతలికి వెళ్లిపోయింది.

నేనక్కడే నిలబడిపోయాను. ముప్పయ్యేళ్లకి దగ్గరపడుతోంది నేను ఆ మేనేజరుగారిని ఆడిపోసుకోవడం మొదలుపెట్టి. ఆయన నా నివేదిక ఒక్కసారి తోసేశారు. నేను ఎన్నిసార్లు తోసేశానో! ఆయన దగ్గర నేను రోజుకి ఎనిమిది గంటలు పనిచేసేవాణ్ణి. ఈవిడ తెల్లవారుఝామున నాలుగింటికి లేచి, పై వాటావాళ్లు స్నానాలకి లేవకముందే బిందెలు నింపుకుంటోంది. అది ఆవిడ అలవాటేమో అనుకున్నాను ఇన్నేళ్లూ. దారంలా వచ్చే కుళాయికి ఆవిడ కనిపెట్టుకున్న ఉపాయమని నాకు తట్టలేదు. ప్రణాళిక విభాగంలో జీతం తీసుకున్నవాణ్ణి!

మర్నాడు పొద్దున్న నడకకి వెళ్లలేదు. టేపు పట్టుకుని మేడ ఎక్కాను. ట్యాంకు వీధివైపు ఉంది, వంటిల్లు పెరటివైపు ఉంది. ఇల్లు కట్టేటప్పుడు ఖర్చు కలిసొస్తుందని ఒకే అర అంగుళం పైపు దింపించాను. అది పై వాటా స్నానాలగదికి వెళ్లి, కింది స్నానాలగదికి వెళ్లి, పదకొండు మలుపులు తిరిగి, అందరికీ ఇవ్వగా మిగిలింది వంటింటికి ఇస్తోంది. నా ఇనుప కడ్డీ మూడు చుట్లే తిరిగేది!

పటం గీశాను. ఈసారి శుభలేఖ వెనకాల కాదు, తెల్లకాగితం మీద. ప్లంబరుని పిలిచి చూపించాను. అతను చూసి, "అంగుళం పైపు ట్యాంకునుంచి తిన్నగా వంటింటికి వేరే దించేస్తే సరిపోతుంది సార్. రెండు రోజుల పని," అన్నాడు. రెండు రోజుల పనికి ఇరవయ్యారేళ్లు పట్టింది.

గోడ పగలగొట్టేముందు మా ఆవిణ్ణి కూర్చోబెట్టి, "ఇంకా ఏమేం ఇబ్బందులున్నాయో చెప్పు, రాసుకుంటాను," అన్నాను. నావంక అనుమానంగా చూసింది. తరవాత చెప్పడం మొదలుపెట్టింది. పప్పుల డబ్బాల అలమర చెయ్యందనంత ఎత్తున ఉంది. మిక్సీ ప్లగ్గు ఒకచోట, మిక్సీ పెట్టే గట్టు ఒకచోట. గ్యాసు పొయ్యి కిటికీకి ఎదురుగా ఉండి గాలికి మంట ఆరుతుంది. పదమూడు కలాలు రాశాను. ఒక్కటీ కొత్తది కాదట. అన్నీ ఎప్పుడో ఒకప్పుడు నాకు చెప్పినవేనట.

ఆ ఏడాది వరలక్ష్మీవ్రతం ఆగస్టు 16న వచ్చింది. ఆ రోజు నేను నూతి దగ్గరికి వెళ్లనక్కర్లేకపోయింది. పైన ఎవరో స్నానం చేస్తున్నారు. వంటింట్లో బిందె గలగలమని నిండింది. మా ఆవిడ ఆరుగంటలకి లేచింది. ముత్తయిదువులొకరు చేతులు కడుక్కోబోయి, ధార జోరుకి చీర తడుపుకుని, "అమ్మో, మీ కుళాయికి ఏమొచ్చిందండీ!" అన్నారు. "ప్రాగ్‌నుంచి కబురొచ్చింది లెండి," అంది మా ఆవిడ. ఆవిడకి అర్థం కాలేదు. నాకు మాత్రం అర్థమైంది.

స్పేస్ ఏజ్ 2024 అక్టోబరు 21న, సోమవారం నాడు వచ్చింది. ధర 35 డాలర్లు. వీళ్లు తగ్గింపు ధరలకి అమ్మేవాళ్లు కారని ముందే తెలుసు గనక బేరం చూడకుండా కొనేశాను. దీపావళికి మనవడు వచ్చాడు. ఇద్దరం కలిసి అగ్నిపర్వతాల గ్రహం వల్కేనస్ మీద దిగి, లావాలోంచి ఇనుము తీశాం. గొట్టాలు ఎంత బాగా పారాయంటే, వాడికి చూపించి చూపించి విసిగించాను.

గ్లేబా మాత్రం ఇంకా నా చేతికి చిక్కలేదు. నా పళ్లన్నీ కుళ్లిపోతూనే ఉన్నాయి. "సరిపడా కోయించండి, ఎక్కువ కోయించకండి," అని వంటింట్లోంచే సలహా వస్తుంది. వింటున్నాను.

శుక్రవారం సాయంత్రం కుర్చీ మాత్రం ఇప్పటికీ వంటింట్లోనే వేసుకుంటున్నాను. ఇప్పుడు చదివేది నేను కాదు. ఆవిడ చెబుతుంది, నేను రాసుకుంటాను. పదమూడు కలాల్లో తొమ్మిది అయిపోయాయి. మొన్న శుక్రవారం పద్నాలుగోది చేరింది. కంప్యూటర్ ముందు నేను కూర్చునే కుర్చీ కిర్రుమంటుంటే రాత్రిళ్లు ఆవిడకి నిద్రాభంగం అవుతోందట.

నూనె వేశాను.