సీటు బెల్టులో బుడమేరు

9 ఫిబ్రవరి 2025, ఆదివారం

సీటు బెల్టును చివరిదాకా ఎవరూ లాగరు. ఆటోనగర్ మేస్త్రి లాగాడు. రెండు చేతులతో ఆపకుండా లాగుతూ పోయి, ఇక రాదన్నప్పుడు తమ్ముణ్ణి టార్చి వేయమన్నాడు. పైనంతా నల్లగా, కొత్తదానిలా ఉంది. చుట్టలోంచి ఆఖర్న వచ్చిన జానెడు మాత్రం మట్టిరంగు. గోరుతో గీరితే పొడి రాలింది. "ఒండ్రమ్మా ఇది. నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయి" అని సీటు మీద చెయ్యి పెట్టి చూపించాడు.

ఆ తర్వాత ఒక్కొక్కటీ బయటపడింది. సీటు పట్టాల బోల్టులకు తుప్పు. డాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్లలో పచ్చగా చిలుం. స్టెప్నీ పెట్టే గుంటలో మాత్రం కొత్త నల్ల రంగు నిగనిగలాడుతోంది. "రంగు కొత్తగా ఉన్నచోట అనుమానం పెట్టుకోవాలి" అన్నాడు మేస్త్రి. ఎయిర్‌బ్యాగు లైటు ఎందుకు ఆరడం లేదో, ఏసీ వేస్తే ముక్క వాసన ఎందుకో, ఎడమ అద్దం తనంతట తాను ఎందుకు దిగుతోందో ఇప్పుడు తెలిసింది.

2019 మోడల్ స్విఫ్ట్. సంక్రాంతికి ముందు తమ్ముడు చీటీ పాడి తెచ్చిన డబ్బుతో కొన్నాడు. 4,85,000.

చూసింది కాగితం మీద రాసివ్వమన్నాను. మేస్త్రి నీళ్లు నమిలాడు. "నోటితో ఎంతైనా చెప్తానమ్మా. కోర్టులకు మాత్రం తిప్పొద్దు." చాలాసేపటికి ఒప్పుకున్నాడు, అదీ ఒక షరతు మీద: వరదలో మునిగిందని రాయడు, కళ్లకు కనపడింది మాత్రం రాస్తాడు. అలా రాస్తేనే మంచిదని నాకూ అనిపించింది. షెడ్డు పేరున్న కాగితం మీద తేదీ, బండి నంబరు, ఛాసిస్ నంబరు, మీటర్ రీడింగ్, కింద సంతకం. ఫొటోలు తమ్ముడు తీశాడు.

12 ఫిబ్రవరి

కంపెనీ సర్వీస్ సెంటర్లో ఛాసిస్ నంబరు చెబితే, కౌంటర్లోని కుర్రాడు స్క్రీన్ చూసి మాకు వినబడేలా చదివాడు. 2024 సెప్టెంబరులో ఈ బండిని టోయింగ్ వాహనం మీద తెచ్చారు. ఇన్సూరెన్స్ వాళ్ల కోసం ఎస్టిమేట్ వేశారు. రిపేరు ఇక్కడ జరగలేదు. అంతటితో రికార్డు ఆగిపోయింది. ప్రింటు అడిగితే ఆర్‌సీలో పేరున్నవాళ్లు వస్తేనే ఇస్తారట. ఆర్‌సీలో తమ్ముడి పేరు ఇంకా ఎక్కలేదు.

15 ఫిబ్రవరి, శనివారం

బెజవాడ వెళ్లాం, బండి వేసుకునే. దుకాణం ముందు వరసగా నిలబెట్టిన కార్లన్నిటికీ టైర్లు పాలిష్ పట్టించి ఉన్నాయి.

"రండక్కా, కూర్చోండి. టీయా, కూల్‌డ్రింకా?"

రెండూ వద్దన్నాను. ఫొటోలు చూపించాను. బెల్టు ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూసి, "దుమ్మక్కా. మన రోడ్లు మీకు తెలియనివా" అన్నాడు. సర్వీస్ సెంటర్ మాట ఎత్తగానే కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఒక్కటి చెప్తానక్కా. మేం అమ్మలేదు. ఓనరు అమ్మాడు, మీ తమ్ముడు కొన్నాడు. మేం మధ్యలో కమీషన్ వాళ్లం. ఇదిగో, 'బండి చూసుకుని, నడిపి చూసుకుని, ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాను' అని సంతకం ఉంది."

ఆ తర్వాత గొంతు మెత్తబడింది. ఇంకో 60 వేలు వేసుకుంటే పక్కనున్న తెల్లబండి ఇస్తాడట. అదీ వద్దంటే, ఈ బండిని ఇక్కడే వదిలి వెళ్తే వాళ్ల మేస్త్రి చూస్తాడట. వదులుతాం, తీసుకున్నట్టు రాసివ్వండి అన్నాను. "నమ్మకం లేదా అక్కా?" నవ్వుతూనే అడిగాడు. బండిలోనే తిరిగొచ్చాం.

దారిలో మంగళగిరి దాటేదాకా తమ్ముడు మాట్లాడలేదు.

16 ఫిబ్రవరి

ఇంట్లో పంచాయితీ. తెలిసిన కార్పొరేటరుతో ఒక మాట చెప్పిద్దామని నాన్న. నలుగురు స్నేహితులతో వెళ్లి దుకాణం ముందు కూర్చుంటానని తమ్ముడు. నాకు రెండూ నచ్చలేదు. అరుపులు ఆ మనిషికి రోజూ ఉండేవే, తట్టుకోవడం అలవాటే. ఇక పెద్దమనుషులు కూర్చుంటే తప్పు ఎవరిదో తేల్చరు, తేడాను చెరిసగం చేస్తారు. చెరిసగం మాట మన నోటి నుంచి రావాలి, అదీ చివర్లో.

20 ఫిబ్రవరి, గురువారం రాత్రి

కాగితాలన్నీ మంచం మీద పరిచాను. బిల్లు లేదు. డెలివరీ నోటులో అమ్మినవారు అన్నచోట పాత ఓనరు పేరు, సంతకం. 29, 30 ఫారాల జిరాక్సుల మీదా ఆయన సంతకమే, తేదీ మాత్రం లేదు. ఎప్పుడో ఖాళీ ఫారాల మీద పెట్టించిన సంతకాలని చూడగానే తెలుస్తోంది. ఇన్సూరెన్స్ కాపీలోనూ ఆయన పేరే.

డబ్బు మాత్రం ఆయనకు వెళ్లలేదు. 20 వేల బయానా యూపీఐలో, మిగతాది బ్యాంకు బదిలీలో, మొత్తం దుకాణం ఖాతాకే. కమీషన్ మనిషి ఖాతాలోకి పూర్తి ధర ఎందుకు వెళ్తుంది? వాట్సాప్‌లో తమ్ముడికి పంపిన ప్రకటన కూడా దొరికింది: సింగిల్ ఓనర్, నాన్ యాక్సిడెంట్, నో ఫ్లడ్. ఆ చివరి రెండు మాటలు అతనే రాసుకున్నాడు. ఎవరూ అడగలేదు.

పేరు మారేదాకా బండి తీయొద్దని తమ్ముడికి గట్టిగా చెప్పాను. బండి చేతులు మారినా ఆర్‌సీలో పేరు మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారం ఆ పేరున్నవాళ్ల మెడకే చుట్టుకుంటుందని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే మనకంటే ఎక్కువ భయపడాల్సిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన్ని చూడాలి.

23 ఫిబ్రవరి, ఆదివారం

పాలసీ కాపీ మీది చిరునామా పట్టుకుని సింగ్‌నగర్ వెళ్లాం. చిన్న ప్రింటింగ్ ప్రెస్, వెనకే ఇల్లు. బండి నంబరు చెప్పగానే పెద్దాయన చేతిలోని కాగితాల దొంతర కింద పెట్టేశారు.

"అది తుక్కుకి ఇచ్చేశాను కదమ్మా!"

సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు వీధిలోకి వచ్చినప్పుడు బండి గేటు లోపలే ఉందట. రోజుల తరబడి తీయలేకపోయారు. రిపేరు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద తేలుస్తారు. ఈ బండికీ అదే జరిగింది. సాల్వేజ్ కొనేవాణ్ణి చూపించి 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. అంతటితో తన పని అయిపోయిందనుకున్నారాయన. మా డీలరు పేరు కూడా ఎప్పుడూ వినలేదట.

డెలివరీ నోటు చూపించాను. "ఈ సంతకం నాది కాదు" అన్నారు. 30వ ఫారం మీదిది తనదే. రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. ప్రమాదం సంగతి, పరిహారం సంగతి చెప్పేసరికి ఆయన భార్య లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇన్సూరెన్స్ కంపెనీ సెటిల్‌మెంట్ ఉత్తరం నకలు, జరిగినదంతా రాసి సంతకం పెట్టిన కాగితం, రెండూ అక్కడికక్కడే ఇచ్చారు. కాఫీ కూడా ఇచ్చారు. ప్రెస్ గోడకు నా భుజం ఎత్తున మట్టి చార ఇంకా ఉంది.

1 మార్చి, శనివారం

మామయ్య దగ్గరికి వెళ్లాను. ప్రాక్టీసు మానేసినా చట్టం ఇంకా నోటి చివరే ఉంది ఆయనకు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేసు గుంటూరులోనే వేయొచ్చు, కొన్నవాడు ఎక్కడుంటే అక్కడ. చెల్లించిన సొమ్ము 5 లక్షల్లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతే. 'ఉన్నది ఉన్నట్టుగా' అన్న సంతకం మాటేమిటని అడిగాను. "చూస్తే తెలిసే లోపానికి అది పనికొస్తుందే. బెల్టు చుట్టలో దాగిన ఒండ్రు ఎవడు చూస్తాడు? పైగా నో ఫ్లడ్ అని రాసిచ్చాడాయె."

కమీషన్ వాళ్లమన్న మాటకు ఇంకో జవాబు చెప్పాడు. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలి. ఓనరు బండి అప్పగించినప్పుడు ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. అలా తెలియజేశాక ఆ బండి బాధ్యత డీలరుదే. "అధికార పత్రం నంబరు తెలపండి అని నోటీసులో ఒక్క వాక్యం రాయి. దానికి జవాబు రాదు."

ఎన్నాళ్లు పడుతుందన్నాను. చట్టం చెప్పేది 3 నెలలు, పరీక్షలకు పంపాల్సివస్తే 5. మామయ్య నవ్వాడు. "అది చట్టం కోరిక."

5 మార్చి

నోటీసు పంపాం, రిజిస్టర్డ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డుతో. మామయ్య లెటర్‌హెడ్ వద్దన్నాను. తమ్ముడి పేరుతోనే, తెలుగులో, రెండు పేజీలు. మొదటి ముసాయిదాలో తమ్ముడు 'మోసగాడు' అని రాశాడు, కొట్టేశాను. ఎప్పుడు ఏం చెప్పాడు, డబ్బు ఏ తేదీన ఎవరి ఖాతాకు వెళ్లింది, బండిలో ఏం కనిపించింది, సంతకం గురించి పాత ఓనరు ఏమంటున్నారు, మేం కోరేదేమిటి. కోరేది ఒకటే, బండి తీసుకుని డబ్బు తిరిగివ్వడం. రిపేరు, మార్పిడి, తగ్గింపు అని ఊసెత్తలేదు. 15 రోజుల గడువు. 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు కూడా నమోదు చేయించాను, ఆ నంబరూ నోటీసులో వేశాం.

13 మార్చి, గురువారం

అతనే ఫోన్ చేశాడు. "మేడమ్ గారూ, ఇంత దూరం ఎందుకండీ, ఒక్క ఫోన్ కొడితే పోయేదానికి." సంతకం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. 4 లక్షలు ఇస్తానన్నాడు. వాట్సాప్‌లో రాసి పంపమన్నాను. పంపలేదు.

22 మార్చి, శనివారం

మళ్లీ బెజవాడ, ఈసారి మామయ్య కూడా వచ్చాడు. దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు, దుకాణంలో మాత్రం నోరు విప్పలేదు, ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడంతే.

4,60,000 దగ్గర తెగింది. వాడుకున్నందుకని 25 వేలు కోత. తమ్ముడు నా మోచెయ్యి పట్టుకున్నాడు, ఒప్పుకోవద్దని. ఒప్పుకున్నాను. ఆ 25 వేల కోసం ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగేది నేనే కదా, వాడు కాదు. ఈ మాట వాడికి చెప్పలేదు.

డబ్బు కంటే కాగితం దగ్గరే ఎక్కువ సేపు పట్టింది. 'ఈ విషయం ఇకపై ఎక్కడా ప్రస్తావించబోము' అని అతను రాయించిన వాక్యాన్ని కొట్టేశాను. అతను మళ్లీ రాయించాడు, మళ్లీ కొట్టేశాను. సంతకం చేసేదాన్ని నేను కాకపోయినా పెన్ను నా చేతిలోనే ఉంది. కేసు వేయం అన్నదానికి ఒప్పుకున్నాం, డబ్బు ఖాతాలో పడితేనే అన్న షరతు మీద.

నాలుగో శనివారం, బ్యాంకు సెలవు, చెక్కు తీసుకోండి అన్నాడు. ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి 24 గంటలూ పనిచేస్తోందని చెప్పాను. ఖాతాలో అంత లేదన్నాడు. అయితే సోమవారం డబ్బు, సోమవారమే తాళాలు అన్నాను.

24 మార్చి

పదకొండున్నరకి మెసేజ్ వచ్చింది. బ్యాలెన్సు కూడా చూసుకున్నాకే తమ్ముడు తాళాలు ఇచ్చాడు. తమ్ముడి సంతకాలున్న ఫారాలు వెనక్కి తీసుకున్నాం. బండి అప్పగించినట్టు రసీదు మీద తేదీతో పాటు గంట, మీటర్ రీడింగ్ కూడా రాయించాను. మధ్యాహ్నం ఎక్కడో కెమెరాకు చిక్కితే చలాను ఎవరిదో తేలాలి కదా.

నాన్న ఇప్పటికీ కార్పొరేటరే మాట చెప్పి ఉంటాడని అనుకుంటున్నాడు.

19 ఏప్రిల్, శనివారం

తమ్ముడు ప్రకటనలు చూస్తూ కేకేశాడు. అదే బండి. నంబరు మసకచేశారు, వెనక బంపర్ కింది గీత మాత్రం అలాగే ఉంది. ఈసారి ఊరు ఏలూరు, ధర 5,10,000. ఫోన్ నంబరు వేరే.

లింకు సింగ్‌నగర్ ఆయనకు పంపాను. సాల్వేజ్‌గా అమ్మిన బండని, తన పేర వచ్చే ఏ బదిలీ దరఖాస్తునూ తనను విచారించకుండా ఆమోదించవద్దని ఆర్‌టీఓ ఆఫీసులో ఆయన అప్పుడే అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకున్నారు. సాయంత్రం ఫోన్ చేశారు. కొనేవాడిలా ఆ నంబరుకు మాట్లాడారట, రికార్డింగు పెట్టుకుని. వరద బండా అని అడిగితే, రామ రామ అన్నాడట అవతలివాడు. సింగిల్ ఓనరు, ఒక డాక్టరుగారిదట. ఆయన అమెరికా వెళ్లిపోతూ అమ్మేశారట.

సోమవారం ఆ రికార్డింగుతో ఆర్‌టీఓ ఆఫీసుకు, అక్కణ్ణుంచి పోలీస్ స్టేషన్‌కు వెళ్తున్నారు. మేస్త్రి రాసిచ్చిన కాగితం జిరాక్సు కావాలన్నారు. రేపు తమ్ముడి చేత పంపాలి, ఫొటోలతో సహా.