దత్తాంశమూ, దానమూ

తెలుగు మాధ్యమంలో లెక్కలు నేర్చినవారికి ‘దత్తాంశం’ అన్న మాట కొత్త కాదు. ఆంగ్లంలోని డేటాకు మన పాఠ్యపుస్తకాలవారు పెట్టిన పేరది. పాఠ్యపుస్తకాల పారిభాషిక పదాలను వెక్కిరించడం పండితులకూ పామరులకూ సమానంగా అలవాటైన వినోదమే గాని, ఈ మాటను కల్పించిన మహానుభావుడెవరో ఆయనకు మాత్రం ఒక నమస్కారం పెట్టవలసిందే. డేటా అంటే లాటిను భాషలో ‘ఇవ్వబడినవి’ అని అర్థం. దాని మూలధాతువూ, మన సంస్కృతపు ‘దా’ ధాతువూ ఒకే తల్లి బిడ్డలని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ ధాతువునుండి అటువైపు డేటా, డొనేషన్ పుట్టాయి. ఇటువైపు దత్తం, దానం, దాత పుట్టాయి.

ఈ వ్యుత్పత్తిని ఈమధ్య నా పూర్వవిద్యార్థిని ఒకామెకు వినిపించాను. పదో తరగతిలో నా దగ్గర ఛందస్సు చదువుకున్నది. గణవిభజనలో ఏనాడూ తడబడి ఎరుగదు. ఇప్పుడు అమెరికాలో, ఒక ఆసుపత్రికి విరాళాలు సేకరించి పెట్టే లాభాపేక్ష లేని సంస్థలో, దత్తాంశ విశ్లేషణ చేసే బృందానికి నాయకురాలు. చేతి క్రింద ఆరుగురున్నారట. సంక్రాంతికి వచ్చినప్పుడు, “చందాలు అడగడానికి విశ్లేషణ బృందమెందుకమ్మా?” అన్నాను. దానికి సమాధానంగా మూడు మధ్యాహ్నాలు చెప్పింది. నేను చెప్పిన వ్యుత్పత్తి విని కాసేపు ఊరకుండి, “అయితే మాస్టారూ, దాత మాకు రెండు ఇస్తున్నాడన్నమాట. డబ్బు తెలిసి ఇస్తాడు. రెండోది ఇచ్చినట్టు ఆయనకే తెలియదు” అన్నది. ఆ రెండో దానాన్ని గురించే ఈ టపా.

ఆ బృందం చేసే పనిలో చాలాభాగం, వినడానికి నిరుత్సాహంగా ఉంటుంది గాని, శుద్ధి. పేర్ల శుద్ధి. మన లక్ష్మిగారు ఒకసారి ‘ఎక్స్’ అక్షరంతో వ్రాసుకుంటుంది, మరొకసారి ‘కె, ఎస్, హెచ్’లతో. ఇంటిపేరు ఒక ఏడు ముందు వస్తుంది, ఒక ఏడు వెనక్కి పోతుంది, పెళ్ళయ్యాక ఒక్కొక్కప్పుడు మాయమే అవుతుంది. యంత్రానికి ఆమె నలుగురు మనుషులు. నాలుగు ఉత్తరాలు పోతాయి. అంతకంటె ఘోరం, భర్త పోయి ఏడాది తిరగని ఇంటికి ఆయన పేరనే “మీ ఆరోగ్యం బాగుందని తలుస్తాము” అని వెళ్ళే ఉత్తరం. అటువంటి ఉత్తరానికి ఒక వృద్ధురాలు వ్రాసిన జవాబును మా అమ్మాయి తన బృందంలో కొత్తగా చేరిన ప్రతివారిచేతా మొదటిరోజున చదివిస్తుందట. కంప్యూటరు భాష సంగతి రెండోరోజున మొదలుపెడుతుంది. హాజరుపట్టీ పిలిచి బ్రతికినవాణ్ణి గనుక, పేరు తప్పు పిలిస్తే పిల్లవాడి ముఖం ఎలా ముడుచుకుపోతుందో నాకు తెలుసు. ఇదొక్కటే చాలు ఈమె నాయకత్వానికి, అనిపించింది.

శుద్ధి అయ్యాక లెక్కలు. దాతలను మూడు ప్రశ్నలతో వడపోయడం ఆ రంగంలో పాత పద్ధతి: ఎంత ఇటీవల ఇచ్చాడు, ఎన్నిసార్లు ఇచ్చాడు, ఎంత ఇచ్చాడు. తపాలాలో వస్తువులమ్మే వర్తకులు కొనుగోలుదార్లకు వేసిన గాలమే ఇది. ధర్మసంస్థలు అరువు తెచ్చుకున్నాయి. దాని మీద ఇప్పుడు నానావిధాల యంత్రగణితం పేర్చారు. అదంతా నాకు పూర్తిగా బోధపడిందని చెప్పను. బోధపడినది ఆమె తన పైవారితో చేసే ఒక పోరాటం. తొమ్మిదిమంది అయిదేసి వందలు, ఒకరు లక్ష ఇచ్చారనుకోండి. సగటు 10,450. మధ్యగతం 500. పైవారు సమావేశంలో సగటును చూసి “మన దాత పదివేలిచ్చే మనిషి” అనుకుంటారు. పదివేలిచ్చే మనిషి ఆ పదిమందిలో ఒక్కడూ లేడు! అయిదువందలిచ్చిన తొమ్మిదిమందికీ మరుసటి ఏడు పదివేలు అడుగుతూ ఉత్తరాలు పోతాయి, వాళ్ళు చిన్నబుచ్చుకుని మానుకుంటారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పాఠమిది. పెద్దపెద్ద కార్యాలయాలలో దీన్ని ఏటేటా మళ్ళీ చెప్పవలసివస్తున్నదంటే మా లెక్కల ఉపాధ్యాయులు సంతోషించాలో, విచారించాలో.

లక్ష్యమంటే రూపాయలే అని ఎవరు నేర్పారో గాని, మనకు వేరే ఉదాహరణ ఉన్నది. 1921లో బెజవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘం జూన్ 30 లోగా సాధించవలసినవి మూడు అంకెలు పెట్టుకున్నది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసుకు కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు. నిధి పక్కనే మనుషులనూ, పనినీ లెక్కలో పెట్టారు. ఈ సంగతి చెబితే మా అమ్మాయి కాగితం మీద వ్రాసుకున్నది. తన నివేదికలో మొదటిపుటలో వసూలైన మొత్తమే ఉంటుందట. నిరుడు ఇచ్చి ఈ ఏడు మళ్ళీ ఇచ్చినవారెందరన్న అంకె నాలుగో పుటలో ఉంటుందట. దాన్ని ముందుకు తేవడానికి రెండేళ్ళుగా అడుగుతున్నదట.

ఇందులో ఒక విచిత్రం కూడా ఉంది. అంకెలవాళ్ళకు అంకెలు మనసును కదిలించవని తెలుసు. డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ అనే పరిశోధకులు 2007లో ప్రకటించిన ప్రయోగమొకటి ఆ రంగంలో అందరికీ కంఠస్థం. ప్రశ్నావళి పూరించినందుకు కొందరికి అయిదు డాలర్లిచ్చి, అందులో ఎంతైనా ఆకలి నివారణకు ఇవ్వవచ్చునన్నారు. ఆఫ్రికా దేశాలలో లక్షలమంది క్షుద్బాధను అంకెలలో చదివినవారు సగటున 1.14 డాలర్లిచ్చారు. మాలి దేశపు ఏడేళ్ళ పిల్ల ఒక్కతె కథ చదివినవారు 2.38 ఇచ్చారు. పిల్ల కథతోబాటు అంకెలనూ చూపితే అది 1.43కు పడిపోయింది. కావున అంకెల బృందం దాతకు అంకెలు చూపదు. దాతనే అంకెగా మార్చి లోపల చూసుకుంటుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ దేశంలో మనిషి ఇంటి విలువ బహిరంగం. పెద్ద కంపెనీల నిర్వాహకుల వాటాలు బహిరంగం. రాజకీయ అభ్యర్థికి ఇచ్చిన చందా 200 డాలర్లు దాటితే ఆ పేరూ ఎన్నికల సంఘం దస్త్రాలలో బహిరంగమే. వీటన్నిటినీ పోగుచేసి, ఫలానావారు ఎంత ఇవ్వగలరో అంచనా కట్టి అమ్మే వ్యాపారసంస్థలున్నాయి. పైగా ఇది ఆసుపత్రి. రోగుల గోప్యతను కాపాడే ‘హిపా’ చట్టపు నియమాలను 2013లో సవరించినప్పుడు, రోగి ఏ విభాగంలో చికిత్స పొందాడు, ఏ వైద్యుడు చూశాడు, ఫలితమేమయింది అన్న వివరాలను విరాళాల సేకరణకు వాడుకోనిచ్చారు. రోగమేమిటో మాత్రం వాడరాదు. ఇక మీదట అడగవద్దని చెప్పే అవకాశం ప్రతి అభ్యర్థనలోనూ ఇవ్వాలి.

ఒకనాడు ఆమెను పైవారొకరు ఇలా కోరారట: ఏ రోజుకారోజు చేరిన రోగుల జాబితాను ప్రొద్దున్నే సంపన్నత అంచనాలతో జోడించి ఇవ్వండి, ముఖ్యమైనవారి గదికి మా మనిషి వెళ్ళి పలకరించి వస్తాడు. చట్టం అడ్డు రాదని న్యాయవాది చెప్పాడు. చేయడానికి బృందానికి ఒక్క పూట పని. ఆమె చేయలేదు, కాదనీ అనలేదు. మూడు షరతులు వ్రాసి పంపింది. మంచం మీద ఉన్న మనిషిని అడగరాదు, ఇంటికి చేరి మూడు నెలలు గడవాలి. చికిత్స వికటించినవారి పేర్లూ, మరణించినవారి కుటుంబాల పేర్లూ జాబితాలోకి రానే రాకూడదు. ఇటువంటి ఆరా తీస్తున్నామని రోగులకు ముందే తేటమాటలలో తెలియజేయాలి. మొదటి రెండూ ఒప్పుకున్నారు. మూడోదాని మీద వాదం ఇంకా నడుస్తున్నది. నోటీసులో ‘విరాళాల నిమిత్తం మిమ్మల్ని సంప్రదించవచ్చు’ అన్న వాక్యం ఉన్నది కదా, అది చాలునంటారు వారు. చాలదంటుంది ఈమె. “అన్నం పెడతానని పిలిచి, ఆయన తినేలోపల జేబు తడిమినట్టుంటుంది మాస్టారూ” అన్నది. ఆ మాటలు ఆమె ఆంగ్లంలో పైవారితో ఏ విధంగా అన్నదో అడగలేదు.

ఆ మూడో షరతు మీదే బ్రిటనులో పెద్ద దుమారం రేగింది. 2015 మేలో బ్రిస్టల్ నగరంలో 92 ఏళ్ళ వృద్ధురాలు మరణించింది. యుద్ధమృతుల సంస్మరణకు కాగితపు గసగసాల పువ్వులు అమ్ముతూ డెబ్భై ఏళ్ళకు పైగా గడిపిన పుణ్యాత్మురాలు. మరణానికి ధర్మసంస్థలు కారణం కాదని కుటుంబమే చెప్పింది. అయినా విచారణ జరిగితే తేలినదేమిటంటే, ఆమె వివరాలు 99 సంస్థల దగ్గరున్నాయి. వాటిలో చాలావాటికి అవి ఆమె ఇచ్చినవి కావు, ఇతరులనుండి చేరినవి. ఏడాదిలో 466 అభ్యర్థనల దాకా అందుకొని ఉంటుందని అంచనా వేశారు. ఆ తరువాత సమాచార కమిషనరు కార్యాలయం కదిలింది. దాతలకు తెలియజేయకుండా వారి సంపదను ఆరా తీయించినందుకు 2016 డిసెంబరులో జంతుసంరక్షణ సంస్థ ఒకదానికి 25,000 పౌండ్లు, హృద్రోగ సంస్థ ఒకదానికి 18,000 పౌండ్లు జరిమానా వేశారు. 2017 ఏప్రిల్‌లో ఇటువంటి తప్పులకే మరి పదకొండు సంస్థలకు వేశారు. జరిమానా సొమ్ము చివరికి దాతలదే గనుక వారిని ఇంకా నొప్పించరాదని, కావాలనే తగ్గించి వేశారు. ఈ చివరి సంగతి నాకు బాగా నచ్చింది. చట్టానికి కూడా ఒక్కొక్కప్పుడు మర్యాద తెలుస్తుంది.

మన దగ్గర దాతల పట్టిక ఎలా ఉండేదో అమరావతి శిలలు చెబుతాయి. అక్కడి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన రాతిపలకను సమర్పించినవాడు విధికుడనే చర్మకారుడు. ప్రాకృతంలో ఉన్న ఆ శాసనంలో తన వృత్తి చెప్పుకున్నాడు, ఉపాధ్యాయుడైన నాగుని కుమారుణ్ణని చెప్పుకున్నాడు, తల్లినీ, భార్యనూ, సోదరులనూ, కొడుకునూ, కూతుళ్ళనూ, బంధుమిత్రులనూ పుణ్యంలో కలుపుకున్నాడు. (ఉపాధ్యాయుని కొడుకన్న సంగతి చదివినప్పుడల్లా నాకు కొంచెం గర్వం.) విధికుడెవరో ఈనాటికీ మనకు తెలుసు. కాని మనకు తెలిసినదంతా ఆయన తెలుపదలచుకున్నదే.

రాతిని పొగిడి ఊరుకుంటే అన్యాయం. మా ఉన్నత పాఠశాల పూర్వవిద్యార్థుల సంఘానికొక చందా పుస్తకం ఉంది. తరగతి గదుల పైకప్పుల కోసం మొదలైన నిధి. కార్యదర్శిగా చాలాకాలం చేసి స్వర్గస్థుడైన పెద్దమనిషి ముత్యాలవంటి దస్తూరితో వ్రాసిన పుస్తకం. దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి పెడతానని మా అమ్మాయి తీసుకుని పుటలు తిప్పుతూ నవ్వు ఆపుకోలేకపోయింది. పేరు, ఊరు, మొత్తం, ఆ పక్కన ‘వివరములు’ అని ఒక గడి. ఆ గడిలో: ‘అడిగితే కాదనలేడు’. ‘పదిమందిలో అడగవలెను’. ‘భార్య ఎదుట అడగరాదు’. ‘కుమారుడు డల్లాసు, వచ్చే ఏడు పెంచవచ్చును’. “మాస్టారూ, లక్షల డాలర్లు పోసి మేము కొనుక్కునే మోడల్ చెప్పేదీ ఇంతే!” అన్నది. నిజమే. మన చందాలు మొహమాటం మీద నడుస్తాయి. ఎవరికెంత మొహమాటమో కొలిచి పెట్టుకున్నాడు ఆ పెద్దమనిషి. ఆయన వంచకుడు కాడు. ఆ డబ్బులో పైసా పక్కకు పోలేదు. పైకప్పులు ఈనాటికీ కురవడం లేదు.

కాని ఆ గడిని కంప్యూటరులోకి ఎక్కించనన్నది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మనకు 2023లో వచ్చింది, 2025 నవంబరులో నియమాలు ప్రకటించి దశలవారీగా గడువులిచ్చారు. పుస్తకం కాగితం మీద ఉన్నంతవరకు ఆ చట్టం దాని జోలికి రాదు; అంకెల రూపంలోకి మార్చితే వస్తుంది. చట్టం లేకపోయినా ఎక్కించననే ఆమె పట్టు. పేరు, ఊరు, ఇచ్చిన మొత్తం, సంవత్సరం, రసీదు సంఖ్య, అంతే. ఫోను నంబరు కూడా ఎవరికి వారు సరేనంటేనే ఉంచాలట. సంఘంలో కొందరు మూలిగారు. ‘వివరములు’ లేకపోతే కొత్త కార్యదర్శి ఎవరిని ఎట్లా అడుగుతాడు? ఆ ప్రశ్నకు ఆమె, “వెళ్ళి అడుగుతాడు. పైకప్పు చూపించి అడుగుతాడు” అన్నది.

ఆమె తిరిగి వెళ్ళిపోయింది. దాతలకు ఒక్కొక్కరికే ఫోను చేసి అడిగే పని నా మీద పడింది. రోజుకు అయిదారుగురు. ఎక్కువమంది దీనికీ అనుమతా అని ఆశ్చర్యపోతున్నారు, కొందరు చందా అడగబోతున్నానేమోనని మొదట గొంతు తగ్గించి, కాదని తెలిశాక చాలాసేపు మాట్లాడుతున్నారు. నిన్న ఒకాయన, నాకంటె పెద్దవాడు, అంతా విని, “పేరుంచండి. నంబరు తీసెయ్యండి. పైకప్పుకేమైనా అయితే మాత్రం కబురు పంపండి” అన్నాడు. అలాగే వ్రాసుకున్నాను.