యాన్ ఆర్బర్ దిగుడుబావి

రోడ్డు మీంచి చూస్తే మిషిగన్ స్టేడియం ఇంతేనా అనిపిస్తుంది. లోపలికెళ్తే దిగుడుబావిలా కిందికి మెట్లే మెట్లు, 1,07,601 సీట్లు! ఎంఎస్ చివరి సెమిస్టర్, చేతిలో జాబ్ లేదు. అయినా 2023 నవంబర్ 25న ఒహాయో స్టేట్‌తో మ్యాచ్‌కి వెళ్లా. మూడో క్వార్టర్‌లో 65వ నంబర్ జాక్ జింటర్ కాలు విరిగింది. లక్ష మంది ఉన్నచోట చడీచప్పుడు లేదు. అతన్ని బండి మీద తీసుకెళ్లారు. ఆ వెంటనే బ్లేక్ కోరమ్ 22 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేసి, వేళ్లతో 6, 5 చూపించాడు. పక్కనున్న ముసలాయన, పేరైనా తెలీదు, నన్ను వాటేసుకుని ఏడ్చేశాడు.

30-24తో గెలిచాం. (గెలిచాం అంటున్నా చూడండి, రూల్స్ సగం తెలీవు!) 2024 జనవరి 8న హ్యూస్టన్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీని 34-13తో ఓడించి, 15కి 15 గెలిచి చాంపియన్లయ్యారు. ఆ రాత్రి నేను గదిలో జాబ్ అప్లికేషన్లు నింపుతూ ఫోన్లో స్కోరు చూసుకున్నా.