కిసుముకి మా హార్మోనియం

మా చర్చి నుంచి తొమ్మిదిమంది కెన్యా దేశంలో కిసుము దగ్గర ఒక పల్లె సంఘానికి పదిరోజుల పరిచర్యకి బయల్దేరుతున్నారు. పెట్టెలు సర్దే పని మా స్త్రీల సమాజం నెత్తిన పడింది. పడింది అనడమేమిటి లెండి, మేమే లాక్కున్నాం. మగవాళ్ళు సర్దితే బైబిలు పక్కనే ఆవకాయ సీసా పెడతారు!

అసలు తగువంతా హార్మోనియం దగ్గర వచ్చింది. ఎసట్లోకి బియ్యం కొలిచినప్పుడల్లా పిడికెడు తీసి డబ్బాలో వేసి, నెలాఖరున చర్చిలో ఇస్తామా, అలా మూడేళ్ళు కూడిన సొమ్ము అది. దాంతో హార్మోనియం కొని అక్కడి ఆడవాళ్ళకి ఇచ్చి రావాలని మా ఆశ. సంఘ పెద్దలు ససేమిరా అన్నారు. ఆ డబ్బేదో పంపేస్తే బరువు తగ్గుతుంది కదా అని ఒకాయన. వాళ్ళకి డప్పులూ పాటలూ లేవా, మీ పెట్టెతో ఏం పని అని ఇంకొకాయన. రెండో మాట నిజంగా ఆలోచించాల్సిందే. మనకి ముద్దొచ్చిందని అవతలివాళ్ళ నెత్తిన పెట్టడం కానుక కాదు కదా! అందుకే అమ్మగారు అక్కడి అమ్మగారికి ఫోను చేసి అడిగేశారు. డప్పులకేం లోటు లేదట. ఉన్న ఒక్క కీబోర్డూ కరెంటు పోతే మూగబోతోందట, పిల్లలకి శ్రుతి పట్టించడం కష్టంగా ఉందట. హార్మోనియం మెట్లూ కీబోర్డు మెట్లూ ఒకే వరస, ఎడమచేత్తో గాలితిత్తి ఆడించడం అలవాటైతే చాలు. దాంతో పెద్దల నోళ్ళు మూతపడ్డాయి.

ఆ మాటకొస్తే హార్మోనియం మాత్రం మనదా? దొరల దగ్గర కాళ్ళతో తొక్కే పెట్టెగా వచ్చింది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేలమీద కూర్చుని చేత్తో వాయించేలా మార్చాడు.

సర్దడం సంగతి చెబుతాను. టిక్కెట్టు ప్రకారం ఒక్కో పెట్టె 23 కిలోలు దాటకూడదు. హార్మోనియం దాని చెక్కపెట్టెతో కలిపి 14 తూగింది. తిత్తి కొక్కెం బిగించి, మెట్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, చుట్టూ కదలకుండా ఏదైనా కూరాలి. పాత దుప్పట్లు ఎందుకు దండగ, ఇవ్వాల్సిన బట్టలే కూరదాం అన్నాను. అక్కడి ఆడవాళ్ళు లేసో అని రంగురంగుల అచ్చుగుడ్డ నడుముకి చుట్టుకుంటారు, బిడ్డని వీపున కట్టుకుంటారు. వాళ్ళ లేసో వేరు, మన లేసు వేరు సుమా! పెడన కలంకారీ తాను తెచ్చి ఒకటిన్నర మీటర్ల చొప్పున కత్తిరించి అంచులు కుట్టాం. ముప్ఫై ముక్కలయ్యాయి.

తబలా జోడీకి మూతుల మీద బరువు పడకూడదు, తువ్వాళ్ళు చుట్టి పక్కన పెట్టాం. సుత్తి చేతిసంచీలో పెడితే విమానం దగ్గర లాగేసుకుంటారు, అదీ పెద్దపెట్టెలోకే. కంజీర మాత్రం ఆపేశాం. అది ఉడుము తోలుది. 1972 వన్యప్రాణి చట్టం కింద ఉడుముకి రక్షణ ఉంది, దాని తోలు దేశం దాటించకూడదు.

ఇంకో ముఖ్యమైన మాట. కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం. మనకేమో చెప్పులకొక కవరు, సబ్బుకొక కవరు! అన్నీ ఊడదీసి పాత చీరలతో సంచులు కుట్టాం. తిండి సామాను కూడా సగానికి తగ్గించాం. చపాతీ, టీ అక్కడ ఇంటింటా ఉన్నవే. మొక్కజొన్న పిండితో ఉగాలి చేస్తారు, మన సంగటికి అక్కచెల్లెలనుకోండి, ఆకుకూరతో నంజుకుంటారు. ఆ మాత్రానికి ఆవకాయ జాడీ దేనికి?

అంతా సర్ది బియ్యం కొట్టు కాటా మీద పెడితే 22 కిలోల 600 గ్రాములు. మిగిలిన కాస్తలో కరివేపాకు కారం పెడదామని ఒకరు, మందుబిళ్ళలని ఒకరు. నర్సాపురం నుంచి కాపురానికొచ్చిన మా మేరీ వదిన ఏమీ మాట్లాడలేదు. ఇంటికెళ్ళి తాను అల్లిన లేసు గుడ్డ తెచ్చింది. ఆ అల్లిక వాళ్ళ ముత్తవ్వ కాలంనాటిది, దొరసానులు నేర్పగా వచ్చిందట.

"దాని మీద కప్పుకోమని చెప్పండమ్మా" అంది అమ్మగారితో.

కారం పొట్లం బయటే ఉండిపోయింది.