ఎనిమిది గంటల పది నిమిషాలకు

2012 నవంబరు 10, శనివారం. పొద్దున ఎనిమిది గంటల వార్తలు అయ్యాక, బీబీసీ రేడియో 4 ‘టుడే’ కార్యక్రమంలో వ్యాఖ్యాత జాన్ హంఫ్రీస్ ఎదుట కూర్చున్న అతిథి ఆయనకు జీతమిచ్చే సంస్థ అధిపతి, బీబీసీ డైరెక్టర్ జనరల్ జార్జ్ ఎంట్విజిల్.

అప్పటికి వారం రోజులుగా బీబీసీ పరువు బజారున పడి ఉంది. నవంబరు 2 రాత్రి దాని టీవీ కార్యక్రమం ‘న్యూస్‌నైట్’ నార్త్ వేల్స్ బాలల వసతి గృహాల్లో జరిగిన అకృత్యాలపై ఒక కథనం ప్రసారం చేసింది. థాచర్ కాలం నాటి కన్సర్వేటివ్ పెద్ద ఒకరికి అందులో పాత్ర ఉందని చెప్పి, పేరు మాత్రం బయటపెట్టలేదు. ఇంటర్నెట్‌లో జనం లార్డ్ మెకాల్పైన్ పేరు అందుకున్నారు. ఆయనకు ఏ సంబంధమూ లేదని, బాధితుడు మనిషిని పోల్చుకోవడంలోనే పొరపాటు జరిగిందని వారం తిరిగేసరికి తేలింది. 9వ తేదీన బీబీసీ క్షమాపణ చెప్పుకుంది.

మర్నాడు హంఫ్రీస్ వేసినవన్నీ చిన్న చిన్న ప్రశ్నలు. ఆ కథనం సంగతి మీకు ముందే తెలుసా? తెలియదు. ప్రసారమైన రాత్రి చూశారా? లేదు, బయట ఉన్నారు. పొరపాటు జరిగిందని శుక్రవారం గార్డియన్ పత్రిక రాసింది కదా, చదివారా? లేదు, పొద్దున్నే ఎక్కడో ప్రసంగించాల్సి వచ్చింది. మరి ఎవరూ మీకు చెప్పలేదా, మీరైనా ఎవరినీ అడగలేదా? సంస్థలో ఇంత జరుగుతుంటే పెద్దాయనకు ఏదీ తెలియదన్న సంగతి లక్షలాది శ్రోతలకు ఆయన నోటి వెంటే తెలిసిపోయింది. ఆ రాత్రే రాజీనామా చేశారు. పదవిలో ఉన్నది 54 రోజులు. తర్వాత మెకాల్పైన్‌కు బీబీసీ 1,85,000 పౌండ్ల పరిహారం చెల్లించింది.

రేడియో ఇంటర్వ్యూ బలం ఇదే. తెర మీద ఆరుగురు ఒకేసారి అరుచుకునే టీవీ చర్చలో తప్పించుకోవడం తేలిక, ఎవరి మాట ఎవరికీ వినబడదు కనుక. రేడియోలో ఉండేవి రెండే గొంతులు. తడబాటు వినిపిస్తుంది, దాటవేత వినిపిస్తుంది, జవాబుకు ముందు తీసుకున్న ఊపిరి కూడా వినిపిస్తుంది. సొంత అధిపతిని సొంత ఉద్యోగి నిలదీస్తుంటే ఆపకుండా ప్రసారం చేసిన ఆ సంస్థకు కూడా దణ్ణం పెట్టాలి. 1957 అక్టోబరు 28న మొదలైన ‘టుడే’ను పాలకులూ చెవి ఒగ్గి వింటారు. 1988 డిసెంబరులో అర్మీనియా భూకంపం కారణంగా సోవియట్ నేత గోర్బచేవ్ లండన్ ప్రయాణం మానుకున్నారన్న వార్త విని, ప్రధాని మార్గరెట్ థాచర్ తనంతట తానే ఆ కార్యక్రమానికి ఫోన్ చేశారు.

ఇక మన రేడియో సంగతికి వస్తే, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ప్రైవేటు ఎఫ్ఎం పెట్టి చూడండి. మాటకారులైన ఆర్జేలకు కొదవ లేదు. సినిమా తారలను గంటల తరబడి మాట్లాడించగలరు. మంత్రిని మాత్రం నిన్నటి నిర్ణయం గురించి అడగలేరు. 24 గంటల వార్తా టీవీకి అనుమతి ఉన్న దేశంలో ప్రైవేటు ఎఫ్ఎంకు సొంత వార్తలు నిషిద్ధం. 2011 నాటి ఎఫ్ఎం విధానం ఆకాశవాణి బులెటిన్‌ను మార్చకుండా వినిపించుకోవడానికి మాత్రం ఒప్పుకుంది. జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు 2008 నుంచి నడుపుతున్న సంఘం రేడియోకూ ఇదే కట్టుబాటు. విత్తనాల గురించి, తిండి గురించి, పాటల గురించి ఎంతైనా మాట్లాడుకోవచ్చు, తమ మండలం వార్తను వార్తగా చెప్పుకోకూడదు. ఇది అన్యాయం. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారు జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి ఉన్నారు.

ప్రైవేటు ఎఫ్ఎంలకు గంటకు పది నిమిషాల వార్తలు, వర్తమాన విషయాలకు అనుమతి ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023 సెప్టెంబరులో సిఫారసు చేసింది. ఆ పది నిమిషాల్లో, పొంగుతున్న మురుగు కాలువ గురించి మునిసిపల్ కమిషనర్‌ను, యూరియా బస్తాల గురించి వ్యవసాయాధికారిని నిలబెట్టి అడగవచ్చు. కేంద్రం ఆ సిఫారసును అమలు చెయ్యాలి. మన రెండు రాష్ట్రాల ఎంపీలు ఈ సంగతి పార్లమెంటులో గట్టిగా అడగాలి.