ఎగువ రేవు, దిగువ రేవు

విజయవాడ దగ్గర కృష్ణలో తిరిగే పడవలకు గట్టి సరిహద్దు ఒకటి ఉంది. అది ప్రకాశం బ్యారేజీ. పొడవు 1,223 మీటర్లు, గేట్లు 70. దానికి ఎగువన ఉన్న పడవ దిగువకు దిగదు, దిగువది ఎగువకు ఎక్కదు. ఈ రోజుల్లో అటుది ఇటు రావాలంటే లారీ మీద రావాల్సిందే. ఎగువన నీళ్లు నిలకడగా, చెరువులా ఉంటాయి. దిగువన వేసవి వచ్చేసరికి ఇసుక మేటలు, సన్నటి పాయలు, మధ్యలో లంకలు కనిపిస్తాయి. ఇంకా కిందకు, పులిగడ్డ దాటి దివిసీమలోకి పోతే సముద్రపు పోటు నదిలోకి ఎక్కుతుంది. అక్కడ సరంగు గడియారం కన్నా ముందు చంద్రుణ్ని చూసుకుంటాడు. నది ఒక్కటే అయినా మూడు చోట్లా నీటి తీరు వేరు. కాబట్టి పడవా వేరు, దాన్ని నమ్ముకున్న బతుకూ వేరు. మూడింటికీ కలిసే సంగతి ఒకటి మాత్రం ఉంది. పడవ కాగితం మీద ఒకరిదే అయినా, దాని అవసరం రేవులో నిలబడ్డ వాళ్లందరిదీ.

బెజవాడ గురించి రాసేవాళ్లు కనకదుర్గమ్మ కొండతోనో, రైల్వే జంక్షనుతోనో, బీసెంట్ రోడ్డుతోనో మొదలుపెడతారు. ఈ ఊరికి పడవల ఊరన్న పేరు కూడా న్యాయంగా రావాలని నా నమ్మకం. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య, ఇప్పటి బ్యారేజీకి ముందున్న ఆనకట్ట పని 1852లో మొదలై 1855కి పూర్తయింది. ఆలోచన ఆర్థర్ కాటన్‌ది, పని నడిపించినవాడు కెప్టెన్ ఛార్లెస్ ఓర్. ఆ ఆనకట్ట నుంచి తీసిన కాలువలు పొలాలకు నీళ్లిచ్చాయని అందరికీ తెలుసు. నేటికీ డెల్టాలో దాదాపు 13 లక్షల ఎకరాలు ఆ నీటి మీదే ఆధారపడ్డాయి. కానీ వాటిని తవ్వినప్పుడు పడవలు నడవాలన్న ఉద్దేశమూ అంతే బలంగా ఉంది. రైలు కన్నా నీటి దారే చౌక అని కాటన్ జీవితాంతం వాదించాడు. ఏలూరు కాలువ 139 కిలోమీటర్లు పోయి విజ్జేశ్వరం దగ్గర గోదావరిని అందుకుంటుంది. అవతలి గట్టున కొమ్మమూరు కాలువ 113 కిలోమీటర్లు సాగి పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువలో కలుస్తుంది. అంటే ఒకప్పుడు కాకినాడలో సరుకెత్తిన పడవ సముద్రం మొహం చూడకుండా బెజవాడ మీదుగా మద్రాసు చేరగలిగేది.

ఆ పడవల్లో ధాన్యం, పొగాకు, ఉప్పు, సరుగుడు కట్టెలు నడిచేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్లు, లోతు తక్కువైతే గడ వేసేవాళ్లు. రెండూ కుదరనప్పుడు మోకు భుజానికి తగిలించుకుని గట్టు వెంట నడుస్తూ లాగేవాళ్లు. సంసారం పడవలోనే, పొయ్యి పడవలోనే. నీటి మట్టం మారే చోట లాకులు వచ్చేవి. కింది తలుపు మూసి పైనుంచి నీరు వదిలి నింపితే పడవ తనంతట తానే పైకి లేచేది. వంతు కోసం అక్కడ పడవలు వరస కట్టేవి గనక టీ కొట్లు, పూటకూళ్లిళ్లు, బేరాలు అన్నీ అక్కడే పుట్టాయి. కోస్తాలో బస్సు ఎక్కి ‘లాకుల దగ్గర ఆపు’ అంటే ఇప్పటికీ కండక్టరుకు అర్థమవుతుంది. లాకులో పడవ లేచి మాత్రం చాలా కాలమైంది. లారీలొచ్చాయి, కాలువల మీద పడవ దూరని పొట్టి వంతెనలొచ్చాయి, పూడిక పెరిగింది, గుర్రపుడెక్క కమ్మేసింది. ఊరి మురుగంతా వచ్చి అందులోనే పడింది.

2008లో ఈ దారినే కేంద్రం నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించింది. 2017 అక్టోబరులో విజయవాడ–ముక్త్యాల మధ్య 82 కిలోమీటర్ల పనికి వెంకయ్యనాయుడు శంకుస్థాపన కూడా చేశారు. కాలువల్లో సరుకు పడవలు మళ్లీ తిరగాలంటే ముందు ఆ పొట్టి వంతెనల లెక్క తేలాలి.

కాలువ పడవలు పోయినా రేవులు పూర్తిగా పోలేదు. బ్యారేజీకి ఎగువన ముక్త్యాల, మాదిపాడు మధ్య బల్లకట్టు రెండు జిల్లాలను కలుపుతూ వచ్చింది. రేవు ఎవరిదన్నది వేలం పాటలో తేలుతుంది. పాట పాడినవాడు ఏడాది పాటు జనాన్నీ బండ్లనూ దాటిస్తాడు. పాత రోజుల్లో లంకల వైపు పడవ మనిషికి దాటినప్పుడల్లా డబ్బులిచ్చే పని ఉండేది కాదు. నూర్పిళ్లప్పుడు కళ్లంలో ఇంటికింతని గింజలు కొలిచేవాళ్లు. ఆ ఏడాదంతా ఇంటిల్లిపాదీ అతని పడవ ఎక్కేవాళ్లు. అర్ధరాత్రి నొప్పులొస్తే అవతలి గట్టు నుంచి కేక వేస్తే చాలు, అతను వచ్చి తీరాలి. ఇప్పుడు టిక్కెట్టు వచ్చింది గానీ, అర్ధరాత్రి కేక వినపడగానే లేచే బాధ్యత ఏ వేలం షరతులోనూ రాసి ఉండదు. దిగువ లంకల్లో అది ఇంకా పడవ మనిషి మీదే ఉంది.

భవానీపురం వైపు కథ వేరు. అక్కడ పున్నమి ఘాట్ నుంచి 133 ఎకరాల భవానీ ద్వీపానికి పర్యాటకుల బోట్లు తిరుగుతాయి. కార్తీకమాసం ఆదివారాల్లో కాలు పెట్టే చోటుండదు. అలాంటి ఆదివారమే, 2017 నవంబరు 12న, పవిత్ర సంగమం హారతి చూడ్డానికి బయల్దేరిన ప్రైవేటు బోటు ఫెర్రీ రేవు దగ్గర తిరగబడింది. 20 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ఒంగోలు వాళ్లు. ఆ బోటుకు అనుమతి లేదు. రెండేళ్లు తిరక్కుండానే 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పెద్ద బోటు మునిగింది. ఆ తర్వాత 2020లో రాష్ట్రంలో తొమ్మిది చోట్ల బోటింగ్ కంట్రోల్ రూములు పెట్టారు. అందులో ఒకటి విజయవాడ బెర్మ్ పార్కులో ఉంది. ఎంతమంది ఎక్కారు, లైఫ్ జాకెట్లున్నాయా, సరంగుకు లైసెన్సుందా అని చూసి వదలాలి. ఈ కట్టడి అవసరమే. ప్రయాణికుడు తన ప్రాణాన్ని ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో పెడుతున్నాడు గదా. అయితే పర్యాటక బోటుకు రాసిన నిబంధనే పిల్లల్ని బడికి దాటించే నాటు పడవకూ వర్తించాలంటే, ఆ జాకెట్లు కొనిపెట్టే పని ప్రభుత్వమే తీసుకోవాలి. రోజుకు నాలుగు ట్రిప్పుల చిల్లర మీద బతికే మనిషి వల్ల అది కాదు.

ఎగువన మూడో కథ ఇసుక పడవలది. నది అడుగున ఇసుక తీసి గట్టుకు చేర్చే పనికి బోట్స్‌మెన్ సొసైటీలు ఉండేవి. చేతులతో తోడినంత కాలం అది కూలి పనే. యంత్రాలు వచ్చాక ఆ పడవలు ఇనుముతో, టన్నుల కొద్దీ బరువుతో తయారయ్యాయి. రాష్ట్రంలో అక్రమ ఇసుక తవ్వకాల మీద 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 100 కోట్ల రూపాయలు కట్టమన్నది. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరిన వరదలో, ఆ ఇనుప పడవలు కొన్ని కొట్టుకొచ్చి గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్లను గుద్దాయి. ఆ సిమెంటు దిమ్మెలు విరిగాయి. ఆ పడవలు ఎవరివి, తాళ్లు ఎలా వదులయ్యాయి అన్నదాని మీద కేసులూ రాజకీయ వాదాలూ నడిచాయి. నాకు ముఖ్యమనిపించేది వాటిని తీసిన తీరు. పెద్ద క్రేన్లు పెట్టి లాగారు, కదల్లేదు. నీళ్లలో మునిగి కోసి చూశారు, సరిపోలేదు. చివరకు కాకినాడ నుంచి వచ్చిన పడవ మనుషులు రెండు పడవల మధ్య ఇనుప గడ్డర్లు వేసి, గొలుసులు బిగించి, మునిగినదాన్ని నీళ్లలోనే తేలగట్టి గట్టుకు తెచ్చారు. కచ్చులూరు బోటును 2019 అక్టోబరులో అడుగు నుంచి తీసిన ధర్మాడి సత్యం బృందమూ కాకినాడదే. నీళ్ల బరువు తెలిసిన మనుషులు ఈ రాష్ట్రంలో ఉన్నారు. వాళ్లను ఆఖరి ప్రయత్నంగా పిలవడం మానాలి.

అదే వరదలో ఊరికి ఇంకో వైపు బుడమేరు వాగు గట్టు తెగింది. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, పాయకాపురం... జనం మేడల మీదకు ఎక్కారు, కింద గది మునిగింది. ఎన్డీఆర్ఎఫ్ బోట్లతో పాటు తీరం నుంచి వేట పడవలు లారీలెక్కి వచ్చాయి. రోజూ నీళ్లు దాటే మనుషులు నీళ్లెరగని ఊరి వీధుల్లో గడ వేసుకుంటూ పాల ప్యాకెట్లు, మందులు, ముసలివాళ్లను మోశారు. మనిషికింతని డబ్బు గుంజిన బోట్లు ఉన్నాయన్న ఫిర్యాదులూ వచ్చాయి, దాచేది లేదు. కేరళలో 2018 ఆగస్టు వరదల్లో మత్స్యకారులు ఇలాగే సొంత పడవలతో వచ్చి వేలమందిని కాపాడారు, ఆ రాష్ట్రం వాళ్లను తన సొంత సైన్యం అన్నది. మన దగ్గర సన్మానం కన్నా ముందు జరగాల్సింది ఒకటుంది. ఏ రేవులో ఎన్ని పడవలున్నాయి, ఎవరు నడుపుతారు, పిలిస్తే రోజుకు కూలి ఎంత, పడవ దెబ్బతింటే ఎవరిస్తారు అన్న జాబితా ప్రతి తహసీల్దారు బల్ల మీద వర్షాలకు ముందే ఉండాలి. అది ఉంటే గుంజుడూ తగ్గుతుంది, జాగూ తగ్గుతుంది.

దివిసీమకు నీళ్ల ముప్పు కొత్త కాదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో ప్రభుత్వ లెక్కకే పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. దాని గురించి అవనిగడ్డలో, నాగాయలంకలో ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయలుగా చీలి ఈ సీమను చుట్టుకుంటుంది. పులిగడ్డ–పెనుమూడి వంతెన రాకముందు రేపల్లె వైపు పోవాలంటే రేవు దాటాల్సిందే. ఆ రేవు ఇప్పుడు వంతెన కింద ఉంది. ఏటిమొగ నుంచి ఎదురుమొండికి మాత్రం ఏళ్ల తరబడి రేవు దాటించే పంటే దిక్కు. మోటారు సైకిళ్లు, గడ్డిమోపులు, గ్యాసు బండలు, పెళ్లికూతురు, అన్నీ ఒకే పంటు మీద. ‘జరగండమ్మా, బండి ఎక్కాలి’ అంటే అందరూ సర్దుకుంటారు. పోటు తక్కువైతే పంటు మేట తగిలి ఆగుతుంది, మళ్లీ నీరెక్కే దాకా కూర్చోవాల్సిందే. ఆ కూర్చున్న సేపు సంబంధాలు కుదురుతాయి, రొయ్యల రేట్లు తెలుస్తాయి, పాత తగాదాలు తీరతాయని అక్కడివాళ్లే చెబుతారు. అలా చెబుతూనే వంతెన కావాలనీ అడుగుతారు. వాళ్లు అడిగేదే సరైనది. ఆసుపత్రికి పోయే మనిషికి ముచ్చట్లు అక్కర్లేదు.

ఇక్కడి వేట పడవల్లో పంచుకోవడానికి పక్కా లెక్కుంది. చేపలమ్మిన డబ్బులో ముందు డీజిలు, ఐసు, బియ్యం ఖర్చు తీస్తారు. మిగిలినదాన్ని పాళ్లు వేస్తారు. పడవకు, వలకు, ఇంజనుకు, ఎక్కిన ప్రతి మనిషికీ పాలు. ఒక్కో రేవుకు ఒక్కో లెక్క ఉన్నా, పడవను కూడా పనిచేసే మనిషిగా లెక్కేసి దాని పాలు పక్కన పెట్టడం అన్నిచోట్లా ఉంది. ఆ పాలు నుంచే మరమ్మతులు చేయించాలి. అన్నదమ్ములో, వియ్యంకులో కలిసి ఒక పడవ కొనడం మామూలే. 2004 సునామీ తర్వాత చెక్క పడవల చోటు ఫైబరు పడవలు బాగా ఆక్రమించాయి. బరువు తక్కువ, పలకల సందుల్లో దూది కూరి గుగ్గిలం పూసే బాధ లేదు. అయితే ధర ఎక్కువ, ఆ డబ్బు తరచుగా వ్యాపారి దగ్గర బయానాగా వస్తుంది. తీసుకున్నవాడు చేపలు ఆ వ్యాపారికే, ఆయన చెప్పిన ధరకే వేయాలి. అలా పడవ పాలులో పైకి కనిపించని వాటాదారు ఒకడు చేరతాడు. ఈ రేవుల్లో బ్యాంకు అప్పు తేలిగ్గా దొరికిన రోజు పాళ్ల లెక్క నిజంగా పడవ ఎక్కినవాళ్ల మధ్యే జరుగుతుంది.

వేసవిలో డెల్టా అంతటా పడవలు ఒకేసారి ఒడ్డెక్కుతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మర పడవల వేట నిషేధం. పంట చేతికొచ్చాక కాలువలు కట్టేయడమూ ఇంచుమించు అప్పుడే. పూర్వం కాలువ పడవలూ ఈ నెలల్లోనే గట్టెక్కి మరమ్మతులు చేయించుకునేవి. గిలకలదిండి హార్బరులో ఆ రెండు నెలలూ వలలు అల్లడం, ఇంజన్లు విప్పడం, రంగులు వేయడం. పడవ బాగుకు రేవంతా చెయ్యి వేస్తుంది, ఎందుకంటే ఒడ్డు నుంచి నీళ్లలోకి తోసేటప్పుడు అందరి భుజమూ కావాలి.

ఎదురుమొండికి వంతెన వచ్చినా ఈలచెట్లదిబ్బ లాంటి ఊళ్లు ఇంకా నీళ్ల అవతలే ఉంటాయి. అక్కడికి పంతులు పోవాలన్నా, గర్భిణి రావాలన్నా, రేషను బియ్యం చేరాలన్నా పడవే. ఆ పడవలకు బీమా ఎవరు కడతారు, ఇంజను చెడిపోతే అవతలి గట్టున రెండోది ఉందా, రాత్రి రేవులో లైటు వెలుగుతుందా అని వంతెన శిలాఫలకాలు వేసే నాయకులను అక్కడివాళ్లు అడుగుతున్నారు. జవాబు వర్షాకాలానికి ముందే రావాలి.