రెండో ఆట

సినిమాకి రెండో భాగం తీస్తున్నారని తెలియగానే మన జనం ముందుగానే జాలిపడటం మొదలుపెడతారు. "ఆడింది కదా, ఇంకెందుకు పాడుచేసుకోవటం?" అని తెనాలి టిఫిన్ హోటల్లో ఇడ్లీ చల్లారేలోపే తీర్పు వచ్చేస్తుంది. బాహుబలి సంగతి వేరు. ఒకే కథని రెండు ముక్కలు చేసి 2015లో సగం, 2017లో సగం చూపించారు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోను. మిగతా వాటిలో చాలావాటికి మొదటిదాని పేరే పెట్టుబడి, చివరికి ఆ పేరే నష్టం.

వీడియో గేముల్లో ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ మొదటిది పేరు తెస్తుంది, రెండోది ఆ పేరుని నిలబెడుతుంది. ఎందుకని ఆలోచిస్తే నాకు తోచిన కారణం ఇది. సినిమాని చూస్తాం, ఆటని వాడతాం. సినిమాలో మొదటిసారి కలిగిన ఆశ్చర్యం ఖర్చయిపోతే మళ్ళీ పుట్టదు. ఆటలో ఆశ్చర్యం వారం రోజుల్లో తీరిపోతుంది. ఆపైన నెలల తరబడి మనల్ని కూర్చోబెట్టేది చేతి అలవాటు. ఆ అలవాటుకి అడ్డుపడే చిన్న చిన్న చికాకులు ఆడేవాడికి కంఠతా వచ్చేస్తాయి. ఆ చికాకుల చిట్టా దగ్గర పెట్టుకుని తయారుచేసేదే రెండో ఆట. మొదటి ఆట చేసినవాళ్ళకి ఆ చిట్టా ఉండదు, ఉండే వీలు లేదు.

మాది రేపల్లె వైపు పల్లె. పాసింజరు ఎక్కి తెనాలి కాలేజీకి వచ్చే కుర్రాళ్ళకి 2000 తర్వాత కొన్నేళ్ళపాటు నెట్ సెంటర్లే రెండో క్లాసురూములు. చెక్కలతో చేసిన గూళ్ళ లాంటి గదులు, వేడెక్కిన సీపీయూల వాసన, కరెంటు పోగానే ఒక్కసారిగా లేచే గోల. ఇంటర్నెట్ కోసం వచ్చేవాళ్ళు తక్కువ. పిల్లలందరూ వచ్చేది ఆ సిస్టంలన్నింటినీ ఒకదానికొకటి కలిపి ఉన్న తీగ కోసం. ఆ తీగ మీద నేను ముందు ఆడింది ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ మొదటిది.

అమెరికాలో డాలస్ దగ్గరున్న ఎన్‌సెంబుల్ స్టూడియోస్ దాన్ని చేస్తే, 1997లో మైక్రోసాఫ్ట్ అమ్మింది. ఆట మొదలవగానే మన చేతికి ఊరి నడిబొడ్డున ఒక భవనం, ముగ్గురు పనివాళ్ళు వస్తారు. కట్టెలు కొట్టించాలి, పళ్ళు ఏరించాలి, పొలం వేయించాలి, బంగారం, రాయి తవ్వించాలి. కూడబెట్టిందంతా సైన్యానికి పోసి పక్కవాడి ఊరి మీద పడాలి. అద్భుతమైన ఆలోచన. అయితే ఒక్కో పనివాణ్ణి పుట్టించటానికి ఒకసారి నొక్కి, వాడు బయటికి వచ్చేదాకా కాచుకుని, మళ్ళీ నొక్కాలి. ఒకరి తర్వాత ఒకరిని వరస కట్టించే సౌకర్యం 1998లో వచ్చిన అనుబంధంలో గానీ రాలేదు. ఊరి చుట్టూ గోడ కట్టుకోవచ్చు, ఆ గోడకి గేటు మాత్రం ఉండదు! లోపలున్నవాడు బయటికి పోవాలంటే సొంత గోడ పడగొట్టుకోవాలి. మామూలుగా ఊరు మొత్తం యాభైమందికి మించకూడదు. పని అయిపోయినవాడు ఏ చెట్టు వెనకో చేతులు కట్టుకుని నిలబడితే వాణ్ణి వెతుక్కోవటం మన ఖర్మ. దండుని యుద్ధానికి పంపితే గుర్రాలవాళ్ళు ముందు చేరి చచ్చిపోయేవాళ్ళు. రాళ్ళు విసిరే బండి ఆ తర్వాత తాపీగా వచ్చి ఒంటరిగా చచ్చిపోయేది.

1999లో రెండోది వచ్చింది. అదే సంస్థ, లోపల అదే జీనీ ఇంజిన్. సగం సరుకు చేతిలో ఉంది కదా, ఏడాదిలో ముగిద్దామనుకున్నారట. రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళు ఎక్కడ ఖర్చుపెట్టారో ఆడేవాడి చేతివేళ్ళకి తెలుస్తుంది. గోడకి గేటు వచ్చింది, అది మనవాళ్ళకి తెరుచుకుంటుంది, శత్రువుకి మూసుకుంటుంది. ఖాళీగా ఉన్న పనివాణ్ణి చూపించే బటన్ వచ్చింది. దండు బారులు తీరి, అందరూ ఒకే వేగంతో నడవటం నేర్చుకుంది. శత్రువు మీద పడితే గంట కొడతాం, పొలాల్లో ఉన్నవాళ్ళంతా పరుగెత్తుకొచ్చి భవనంలో దాక్కుంటారు. వీటిలో ఏ ఒక్కటీ మహా ఆవిష్కరణ కాదు. అన్నీ మొదటి ఆటలో మనం పళ్ళు కొరుక్కున్న చోట్లు, అంతే.

పొలం సంగతి మాత్రం విడిగా చెప్పుకోవాలి. ఇంట్లో కంప్యూటర్ కొన్న కొత్తలో మా బాబాయి నా వెనక నిలబడి చూస్తున్నాడు. మొదటి ఆటలో పొలం కొంత పంట ఇచ్చాక మాయమైపోతుంది. మళ్ళీ కట్టెలు ఖర్చుపెట్టి కొత్తగా వేయాలి.

"ఏందిరా ఆ పొలం, ఇట్టా మాయమైపోయింది?"

"అంతే బాబాయ్. పంట అయిపోయింది, మళ్ళీ కట్టెలు పెట్టి వేయాలి."

"పొలానికి కట్టెలెందుకురా? మనం వరి కోయకముందే మినుము చల్లుకుంటాం. ఆ మాత్రం తెలవదా వాళ్ళకి?"

డెల్టా రైతు అడగాల్సిన ప్రశ్నే. మా మాగాణుల్లో వరి ఇంకా నిలబడి ఉండగానే ఆ తడిలో మినుము చల్లేస్తారు, కోత అయ్యేసరికి కింద మొలక పచ్చగా కనబడుతుంది. ఒక పంటకీ ఇంకో పంటకీ మధ్య భూమి ఊరికే ఉండకూడదు. డాలస్‌లో వాళ్ళకి మినుము తెలియకపోయినా ఆ చికాకు మాత్రం తెలిసొచ్చింది. 2000లో ది కాంకరర్స్ అనే అనుబంధంలో పిండిమర దగ్గర ముందుగానే విత్తనానికి కట్టెలు చెల్లించి వరస పెట్టుకునే వీలు ఇచ్చారు. 2019లో డెఫినిటివ్ ఎడిషన్ వచ్చేసరికి పొలం దానంతటదే మళ్ళీ వేసుకోవటం మొదలుపెట్టింది. ఒక్క ఫిర్యాదు పూర్తిగా తీరటానికి ఇరవై రెండేళ్ళు. బాబాయి వింటే, నీటితీరువా ఆఫీసే నయమంటాడు.

రెండోదానికి ఇంకో సుఖం ఉంది. ఎవరు ఎవరో చెప్పాల్సిన పని లేదు. ఈ సంగతి తెనాలివాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఐతానగర్ చక్రపాణి నిర్మాతల్లో ఒకరిగా, 1957లో విజయావారు తీసిన మాయాబజార్ ఆ కథకి తొలి తెలుగు సినిమా కాదు. 1936లోనే శశిరేఖా పరిణయం వచ్చింది, అంతకుముందు నాటకాలున్నాయి. కథ జనానికి తెలుసు కాబట్టి కె.వి.రెడ్డి ఎంత తెగించారంటే, భారతకథ తీస్తూ పాండవులని తెర మీద చూపించనే లేదు! ఎవరూ అడగలేదు కూడా. పరిచయాలకి పోయే రీళ్ళన్నీ ఘటోత్కచుడి గారడీకి, వంటశాలకి, పెళ్ళివారి హడావుడికి మిగిలాయి. మన పక్క రావికంపాడు నుంచి వెళ్ళిన గుమ్మడి బలరాముడిగా తడబడటానికీ తీరిక దొరికింది. ఆటలోనూ అంతే. పనివాడంటే ఏమిటో, చెట్టు మీద నొక్కితే ఏమవుతుందో ఒక తరం నేర్చుకుని కూర్చుంది. ఆ పాఠం చెప్పే శ్రమ తప్పినవాడికి అల్లరి చేసే తీరిక దొరుకుతుంది.

జీటీఏ మూడుకి వైస్ సిటీ కూడా ఇలాంటి తమ్ముడే, 2001కి 2002. మూడోదానిలో హీరో నోరు విప్పడు, బైకు ఎక్కడు. వైస్ సిటీలో హీరో టామీ బూతులు తిడతాడు, బైకు మీద బీచ్ వెంట పోతాడు, హెలికాప్టర్ ఎగరేస్తాడు. దాని గురించి తెనాలి కుర్రాళ్ళు నేర్చుకున్న విద్య ఎక్కువగా స్పెల్లింగులే. పాంజర్ అని కొడితే యుద్ధ ట్యాంకు, యాస్పిరిన్ అని కొడితే నిండు ప్రాణం. ఆ యాస్పిరిన్‌కి చివర ఒక 'ఈ' ఎక్కువ తగిలించాలని కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నవాళ్ళు ఇంగ్లీషు పరీక్షలోనూ అలాగే రాసి ఉంటారు.

ఇంతా చెప్పి, తర్వాతిది ఎప్పుడూ గొప్పదే అంటే అబద్ధమవుతుంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ మూడోది 2005లో వచ్చింది. బొమ్మలు బ్రహ్మాండంగా ఉన్నాయి. కాకపోతే పనివాళ్ళు కొట్టిన కట్టెలు మోసుకొచ్చి దించాల్సిన పని తీసేశారు. చెట్టు దగ్గర నిలబడి నరుకుతుంటే చాలు, లెక్కలో పడిపోతుంది. ఎవరడిగారు ఆ సాయం? కట్టెల కొట్టు అడవికి ఎంత దగ్గరగా కట్టాలి, శత్రువుకి ఎంత దూరంగా కట్టాలి అన్నదే కదా ఆటలో సగం బుర్ర. చికాకుని తీసేస్తున్నామనుకుని రుచిని తీసేశారని నా అభియోగం. అది నచ్చినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళతో నాకు పేచీ లేదు, ఆటలో కలవను అంతే.

ఐజీఐ దగ్గర నా సిద్ధాంతం మరీ ఇరుకున పడుతుంది. నార్వేవాళ్ళు చేసిన ఆ తుపాకీ ఆట 2000లో వచ్చింది. అందులో మధ్యలో ఎక్కడా సేవ్ చేసుకునే వీల్లేదు. అరగంటసేపు కంచెల వెంట పాకి, నిఘా కెమెరాల కన్నుకప్పి, చివరి తలుపు ముందు ఒక్క గుండు తగిలితే మళ్ళీ మొదటి కంచె దగ్గరికే. నెట్ సెంటర్లో మీటర్ తిరుగుతూనే ఉంటుంది. 2003లో రెండోది వచ్చి, లెక్కగా కొన్నిసార్లు సేవ్ చేసుకోనిచ్చింది. పెద్ద ఫిర్యాదే తీరింది. అయినా మా వైపు కుర్రాళ్ళు కథలుగా చెప్పుకునేది మొదటిదే. సేవ్ లేకపోవటం వల్లనే ఆ కంచెల వెనక అంత భయం పుట్టిందని రెండోది ఆడాక గానీ తెలియలేదు. మనం తిట్టుకునే ప్రతిదీ లోపం కాదన్నమాట. ఏది లోపమో ఏది ఉప్పో ఆడేవాణ్ణి అడిగితే వాడికీ తెలియదు.

ఏది ముట్టుకోవాలి, ఏది ముట్టుకోకూడదు అన్న ఈ చిక్కుని నాకు బాగా విప్పి చూపించింది ఆట కాదు, అన్నం. బాపట్ల వరి పరిశోధన కేంద్రం మసూరి రక్తం కలిపి తయారుచేసి, 1986లో విడుదల చేసిన బీపీటీ 5204, అంటే మన సాంబ మసూరి, తనే ఒక రెండో భాగం. సన్నగింజ, అన్నం తెల్లగా పొడిగా వస్తుంది, పెళ్ళిలో వడ్డించినా పేరు పోదు. దాని బలహీనత ఎండాకు తెగులు. ఆకు కొసనుంచి ఎండుతూ వస్తుంటే రైతు చేయగలిగింది తక్కువ, బాక్టీరియా కాబట్టి మందులు పెద్దగా పనిచేయవు. హైదరాబాదులో సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలనాలయం శాస్త్రవేత్తలు తెగులుని తట్టుకునే మూడు జన్యువుల్ని దీనిలోకి తెచ్చారు. వాటిలో ఎక్స్‌ఏ 21 అనేది ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. జన్యువు తెచ్చుకుంటే సరిపోదు, దాని వెంట అడవి గుణాలూ వచ్చి కూర్చుంటాయి. అందుకని వచ్చిన మొక్కని తరం తరానా తిరిగి సాంబ మసూరితోనే సంకరం చేస్తూ, ఆ మూడూ ఉన్నాయో లేదో ప్రతి తరంలోనూ డీఎన్ఏ గుర్తులతో చూసుకుంటూ, గింజనీ వంటనీ పాతదాని దగ్గరికే తీసుకొచ్చారు. 2008లో అది ఇంప్రూవ్డ్ సాంబ మసూరి పేరుతో వచ్చింది. తినేవాడికి తేడా తెలియకూడదు, పండించేవాడికి తెలియాలి. రెండో భాగం ఎలా చేయాలో ఇంతకన్నా బాగా చేసి చూపించిన ఆటల కంపెనీ నాకు కనబడలేదు. బియ్యం కొట్లో మాత్రం ఇప్పటికీ అడిగేది "బీపీటీ ఉందా?" అనే.

ఆటల్లో పేరు కూడా రెండోదే కొట్టేసింది. 2023లో రిటర్న్ ఆఫ్ రోమ్ అని ఒకటి తెచ్చారు. మొదటి ఆటలోని రాజ్యాల్ని తీసుకొచ్చి రెండో ఆట లోపల ఆడుకోనిస్తుంది. అన్న వచ్చి తమ్ముడింట్లో ఒక గదిలో ఉంటున్నాడన్నమాట, తమ్ముడు కట్టించిన సౌకర్యాలన్నీ వాడుకుంటూ.

అన్న దగ్గరినుంచి తమ్ముడు మార్చకుండా ఉంచుకున్నది ఒకటుంది. మొదటి ఆటలో పూజారి చేతులూపుతూ "వోలోలో" అని గొణిగితే శత్రు సైనికుడు రంగు మారి మన పక్షానికి వచ్చేస్తాడు. రెండోదానిలో సన్యాసులకి వేరే గొంతు పెట్టారు గానీ, ఆ పాత కేకని పారేయటానికి మనసొప్పలేదు. మాటలు పంపుకునే చోట 30 అని కొడితే అందరి కంప్యూటర్లలోనూ అదే మోగుతుంది. నెట్ సెంటర్లో ఎవడో ఓడిపోతున్నప్పుడు పక్కవాడు వరసగా 30, 30, 30 అని కొట్టేవాడు. ఎనిమిది సిస్టంల స్పీకర్లు ఒక్కసారి వోలోలో అనేసరికి కౌంటర్ దగ్గర అన్న లేచి, "సౌండ్ తగ్గించండ్రా, కింద మెడికల్ షాపోళ్ళు గొడవ చేస్తన్నారు!" అని అరిచేవాడు. తగ్గించేవాళ్ళం కాదు.